సాయబుల పాత ఇల్లు

కిందటి బొడ్రాయి పండుగనాడు మా ఊరి చరిత్ర పేరిట ఒక పుస్తకం వెలువడింది. చెరువు, గుడి, గడీ, బడి, ఊరు విడిచి వెళ్లి పేరు తెచ్చుకున్నవారు, ఇలా అన్నిటికీ అందులో చోటు దక్కింది. గడీకి పదకొండు పుటలు కేటాయించారు. దాని బురుజుల ఎత్తు, ద్వారబంధాల నగిషీ, అందులో నివసించిన నాలుగు తరాల దొరల పేర్లు, వారు ఎక్కి తిరిగిన మేనా బొమ్మతో సహా అచ్చయ్యాయి. మా ఇంటికి దక్కినది ఒకే ఒక్క పంక్తి. పీర్ల చావిడి పక్కన సాయబుల పాత ఇల్లు ఉందనీ, వీరు నిజాం కాలంలో బయటి నుండి వచ్చినవారనీ ఆ పంక్తి సారాంశం.

పుస్తకాన్ని కూర్చినవారు మాకు పరాయివారు కారు. మాతో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవారు. ఈద్ నాడు మా సాయబాన్‌లో కూర్చుని షీర్ ఖుర్మా తాగినవారు. మా తండ్రిని కాకా అనీ, మా తల్లిని చిన్నమ్మా అనీ పిలిచినవారు. వారి మనసుల్లో ద్వేషం ఉందని మేము అనడం లేదు. ద్వేషం లేకుండానే అంత మాట రాయగలగడం, రాసిన తరువాత ఆ ప్రతిని మా చేతికే ఆప్యాయంగా అందించగలగడం మమ్మల్ని కలవరపెట్టింది.

పుస్తకం వెలువడిన రెండు నెలలకు మా ఇంటి దర్వాజకు ఒక కాగితం అంటించారు. వీధి వెడల్పు చేయదలచామనీ, యజమాని ఎవరో తెలియని ఈ శిథిల నిర్మాణంపై ఎవరికైనా హక్కు ఉంటే పదిహేను రోజుల్లో రుజువులు చూపాలనీ దాని సారాంశం. పుస్తకం వల్లనే ఈ కాగితం వచ్చిందని మేము వాదించబోము. కానీ రెండింటి వెనుక ఉన్న చూపు ఒక్కటే. చరిత్రలో పేరు లేని ఇల్లు రికార్డులో యజమాని లేని ఇల్లుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే ఆ ఇంటి చరిత్రను, అందులో బతికినవారి చరిత్రను మేమే రాయదలచుకున్నాము.

మా ఇల్లు జనగామ ప్రాంతపు పల్లెల్లో కనిపించే మామూలు గూన ఇల్లు. రెండు మూరల మందాన మట్టి గోడలు, టేకు దూలాలు, ముందు సాయబాన్, లోపల మూడు అర్రలు, వెనుక చేదబావి. గోడలు పెట్టినవారు ఈ ఊరివారే. దర్వాజ చెక్కినది ఈ ఊరి వడ్లాయన. పైకప్పు గూన కాల్చినది ఈ ఊరి కుమ్మరి వాములో. గోడలోని మట్టి ఈ ఊరి చెరువు మట్టి. బయటి నుండి వచ్చినది ఏమిటని ఎంత వెదికినా మాకు ఒక్క పెళ్ల కూడా దొరకలేదు. దర్వాజ, సాయబాన్, సందూక అనే మాటలు మాత్రం ఫారసీ, అరబీ భాషల నుండి వచ్చాయి. అయితే ఆ మాటలు తెలంగాణలో ప్రతి ఇంటా ఉన్నాయి. మాట బయటి నుండి వచ్చిందని ఏ కాపు ఇంటి దర్వాజనూ ఎవరూ పరాయిది అనలేదు. మా ఇంటికే ఆ ప్రశ్న ఎందుకు ఎదురైంది?

ఈ ఇంట్లో మొదట కాపురం పెట్టిన ముత్తాత ఊరి ముల్లా. నవాబు కాడు, జాగీర్దారు కాడు, సర్కారు కొలువులో బంట్రోతు కూడా కాడు. జాతరలో మేక తెగాలన్నా, పెళ్లి విందుకు కోడి కోయాలన్నా ఊరంతా ఆయనను పిలిచేది. కోసినందుకు కల్లం దగ్గర ఇంటింటి వాటాగా కొలిచిన జొన్నలే ఆయన జీతం. మొహర్రం నెల వస్తే పక్కనున్న చావిడిలో పీర్లను నిలబెట్టేవాడు. ఆ పీర్లకు కుడుకలు కట్టినవారిలో, అలావా చుట్టూ ఆడినవారిలో మా మతంవారి కంటే ఇతరులే ఎక్కువ. ఆయన ఇల్లాలు ఎన్నడూ బడి ముఖం చూడలేదు. పిల్లలు దడుసుకుంటే తల్లులు పొద్దుగూకే వేళ ఆమె దగ్గరికి తెచ్చేవారు. ఆమె దువా చదివి ఊది, చిటికెడు ఉప్పు తిప్పి వేసేది. ఏ కులం పిల్లవాడని ఆమె అడిగినట్టు ఎవరూ చెప్పలేదు.

ముత్తాత కొడుకు, అంటే మా దాదా, నాలుగు తరగతులు ఉర్దూ చదివాడు. ఆ నాలుగు తరగతులు ఊరికి ఎంతగా అక్కరకు వచ్చాయో నేటివారికి తెలియదు. నిజాం రాజ్యంలో రెవెన్యూ రికార్డులు ఉర్దూలో ఉండేవి. సేత్వార్, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ అనే పేర్లు నేటికీ తెలంగాణ రైతు నోట వినిపిస్తాయి. ఆ కాగితాల మీద వేసినది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఎవరి పొలం మీద తగాదా వచ్చినా కాగితం పట్టుకుని మా సాయబాన్‌కే వచ్చేవారు. దాదా కళ్లద్దాలు సర్దుకుని, చదివి, తెలుగులో అర్థం చెప్పి, ఫసలీని లెక్కగట్టి ఇచ్చేవాడు. అట్లా ఊరందరి హక్కులనూ చదివి వినిపించిన మనిషి ఇంటికి నేడు హక్కు రుజువు చేసుకోమంటూ కాగితం అంటించారు.

నిజాం కాలంలో వచ్చినవారు అన్న మాటలో మరొక ఆరోపణ దాగి ఉంది. పాలకుడు మీవాడు గనుక మీరు సుఖపడ్డారన్నది దాని భావం. పాలకుని మతం మా పొయ్యి మీద గంజిని చిక్కబరచలేదు. పల్లెను ఏలినది గడీ. గడీలోని దొర ఏ మతస్థుడైనా వెట్టి ఒకటే. ఈ మాటకు సాక్ష్యం మా ప్రాంతపు రోడ్డు పక్కనే ఉంది. కామారెడ్డిగూడెం వాసి షేక్ బందగీ ఒక పేద ముస్లిం రైతు. విసునూరు దేశ్‌ముఖ్ అండ చూసుకుని దాయాది తన భూమి మీదికి వస్తే న్యాయస్థానానికి వెళ్లి ఏళ్ల తరబడి పోరాడి గెలిచాడు. గెలిచిన పాపానికి 1940లో దొర మనుషులు ఆయనను నరికి చంపారు. ఆ తరువాత రగిలిన తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆయన పేరు ఒక నిప్పుకణిక. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకానికి ఆయన కథే ప్రేరణ. గడీకి పదకొండు పుటలు రాసినవారికి, గడీని ఎదిరించినవారిలో ఒక సాయబు కూడా ఉన్నాడని రాయడానికి పదకొండు అక్షరాలు కరువయ్యాయా?

1948 గురించి కూడా మేము మాట్లాడవలసిందే. ఆ పుస్తకంలో రజాకార్ల ఆగడాలకు రెండు పుటలు ఉన్నాయి. అవి ఉండవలసినవే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఏ ముస్లిం కప్పిపుచ్చినా అది పాపం. మా ఇంట్లో దానిని ఎన్నడూ సమర్థించలేదు. అయితే అదే ఆగస్టు 22న హైదరాబాదులో రజాకార్లు నరికి చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే కదా! హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని రాసినందుకే ఆయన చేతులు తెగిపడ్డాయి. రజాకార్ల పేర ముస్లింలందరినీ ఒకే గాటన కట్టేవారు ఆ తెగిన చేతులను ఏ లెక్కలో వేస్తారు?

పుస్తకం సెప్టెంబరు 17 దగ్గర ఆగిపోయింది. మా ఇంటి కథ అక్కడ ఆగలేదు. ఆ సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత జరిగినదానిని విచారించేందుకు కేంద్ర ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులతో ఒక బృందాన్ని పంపింది. సంస్థానం మొత్తం మీద 27 వేల నుండి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని ఆ బృందం అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయాయని పేర్కొంది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది చదువరులకు అందుబాటులోకి రాలేదు.

మా జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. అధికంగా నష్టపోయిన ఆ నాలుగు జిల్లాల్లో మాది లేదు. అయినా భయానికి జిల్లా సరిహద్దులు తెలియవు. ఒక రాత్రి దాదా ఇంటికి తాళం వేసి, దాదీని, ముగ్గురు పిల్లలను తీసుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికో కాదు, నాలుగు ఇళ్ల అవతల ఉన్న గొల్లాయన దొడ్డికి. గొర్రెల మంద వెనుక, గడ్డి వామి చాటున పద్దెనిమిది రోజులు ఉన్నారు. ఆ గొల్లాయన దాదాను బావా అని పిలిచేవాడు. ఇంటి తాళంచెవి తన మొలతాడుకు కట్టుకుని తిరిగాడు, అడగవచ్చినవారికి వాళ్లు పట్నం పోయారని చెప్పాడు. పందొమ్మిదో నాడు తాళంచెవి తిరిగి ఇస్తూ, లోపల దీపం పెట్టి వచ్చానని మాత్రం అన్నాడట. ఈ దేశంలో మాకు నమ్మకం మిగిలిందంటే అది అటువంటి మొలతాళ్ల వల్ల. అప్పటి మంచిని సుందర్‌లాల్ బృందం కూడా విస్మరించలేదు. ముస్లింలను కాపాడిన హిందువుల గురించి రాసింది. మా ఊరి పుస్తకంలో ఆ గొల్లాయన పేరు లేదు. మమ్మల్ని తుడిచివేసినప్పుడు మమ్మల్ని కాపాడినవారు కూడా తుడిచిపెట్టుకుపోయారు. ఊరి చరిత్ర రాసినవారు తమ ఊరి గొప్పదనాన్నే తాము పోగొట్టుకున్నారు.

ఇంతవరకు ఇతరుల మీద చెప్పిన మాటలు. ఇక మా మీద మేమే చెప్పుకోవలసిన మాటలు ఉన్నాయి. ఇవి చెప్పకపోతే పై మాటలకు విలువ లేదు.

కాగితం అంటించిన తరువాత మేము ఇనుప సందూక తెరిచాము. ముత్తాత స్థలం కొన్న నాటి ఉర్దూ కాగితం దొరికింది. మా తరంలో దానిని చదవగలిగినవారు ఒక్కరూ లేరు. పట్నంలో ఒక మౌల్వీ సాహెబ్ దగ్గరికి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఊరికంతటికీ ఉర్దూ చదివి పెట్టిన ఇంట్లో ఇంటి కాగితం చదివే దిక్కు లేకపోవడం మా సిగ్గుచేటు. ఇంటి పన్ను రసీదులు దాదా పేరునే ఉన్నాయి. ఆయన కన్నుమూసి నలభై ఏళ్లు దాటింది. చిన్న కాకా పట్నం చేరిన తరువాత ఆ రసీదులు కూడా ఆగిపోయాయి. యజమాని తెలియదని రాసినవారిది తప్పే. కానీ తెలిపే పని మేము ఎన్నడు చేశాము?

అంతకన్నా పెద్ద తప్పు మరొకటి ఉంది. దాదాకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. దాదీ ఆయన కంటే ముందే పోయింది. ఖురాన్‌లోని సూరా నిసా విధించిన లెక్క ప్రకారం ఆ ఇల్లు ఎనిమిది భాగాలు కావాలి; కొడుకులకు రెండేసి, కూతుళ్లకు ఒక్కొక్కటి. మా ఫుప్పులకు ఆ రెండు భాగాలూ అందలేదు. పెళ్లిలో పెట్టాము గదా అన్నారు. ఆడపిల్లలు పుట్టింటిని కోర్టుకు ఈడుస్తారా అన్నారు. తలాక్ గురించో, నిఖా గురించో ప్రభుత్వం ఒక మాట అంటే షరీఅత్ ప్రమాదంలో పడిందని వీధుల్లోకి వస్తాము. అదే షరీఅత్ చెల్లెలికి ఇమ్మన్న వాటాను సందూకలో పెట్టి తాళం వేస్తాము. పెద్ద ఫుప్పు తన వాటా మాట ఎత్తకుండానే వఫాత్ అయింది. ఆమె పుట్టిన అర్ర ఆ ఇంట్లో ఇంకా అట్లాగే ఉంది.

ఈ అన్యాయం వల్ల నష్టపోయింది ఫుప్పులు మాత్రమే కాదు. పంచుకోని ఇల్లు ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. వాటా లేనివారు పట్టించుకోలేదు, వాటా ఉన్నవారు ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. గూన జారింది, దూలానికి చెదలు పట్టింది, గోడ కూలింది. బందగీ కథలో ఒక మాట మనం తరచుగా మరిచిపోతాము. ఆ ఇంట్లోకి దేశ్‌ముఖ్ అడుగు పెట్టడానికి దారి ఇచ్చినది దాయాదుల తగాదాయే. ఇంటివారు ఇంటివారికి న్యాయం చేయని చోట బయటి బలవంతుడికి దర్వాజ తెరిచే ఉంటుంది.

మరొక జబ్బు కూడా మనలో ఉంది. పాత ఇల్లు అనగానే మనలో కొందరికి హవేలీలు, దివాన్‌ఖానాలు, అత్తరు పన్నీరు గుర్తుకు వస్తాయి. పోయిన రాజ్యాన్ని తలచుకుని నిట్టూర్చడమే చరిత్ర అనుకుంటారు. ఆ నిట్టూర్పు మనలను బయటివారన్న వాదానికే బలం ఇస్తుంది. తెలుగు నేల మీద ముస్లింలలో అత్యధికులు దూది ఏకినవారు, గుడ్డలు కుట్టినవారు, గిన్నెలకు కళాయి పోసినవారు, టాంగా తోలినవారు, కూలికి వెళ్లినవారు. దూదేకుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే తల్లిభాష. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వెలువడి, పుట్టిన నేల మీద పరాయివాడిగా చూడబడే బాధకు తెలుగులో నోరు ఇచ్చింది. ఆ నోటికి ఇప్పుడు ఇంటి నెంబరు, పన్ను రసీదు, వారసుల జాబితా కూడా తోడు కావాలి.

ఎందుకంటే కాలం కాగితాల కాలం. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. డ్రోన్లతో పల్లెల నివాస స్థలాలను కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం దాని ఉద్దేశం. తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆబాదీ స్థలాల హక్కుల రికార్డును కూడా ప్రస్తావించింది. పొలాలకు ఉన్నట్టు గ్రామకంఠంలోని ఇళ్లకు పట్టాలు ఉండేవి కావు. కాపురమే హక్కుగా నడిచింది. ఇకమీదట ఎవరి పేరు రాయించుకుంటే వారిదే ఇల్లు. కొలిచే రోజున ఇంటి ముందు నిలబడి ఇది మాదని చెప్పే మనిషి లేకపోతే ఆ గడిలో మరొకరి పేరు పడుతుంది, లేదా ఖాళీగా మిగులుతుంది.

మా ఇంటి పక్కనున్న పీర్ల చావిడి సంగతి ఇంకా సున్నితమైనది. దానిని ఎవరు కట్టారో, ఎవరు వక్ఫ్ చేశారో చెప్పే దస్తావేజు లేదు. తరతరాల వాడుకే దానికి దస్తావేజు. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఆ వాడుక సూత్రాన్ని ఇకముందుకు తీసివేసింది. చట్టం రాకముందే నమోదైన వాటిని మినహాయించినా, వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వానివని చెప్పినవాటికి ఆ రక్షణ లేదు. ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న నిలిపివేసింది గాని, చట్టం మొత్తాన్ని ఆపలేదు. ఈ చట్టం అన్యాయమైనదని మేము అంటున్నాము, దాని మీద పోరాటం సాగవలసిందే. అయితే ఊరేగింపుకు వెళ్లే ముందు మన ఊరి చావిడి, మన ఊరి ఖబరస్తాన్ వక్ఫ్ బోర్డు గెజిట్‌లో ఉన్నాయో లేవో చూసినవారు మనలో ఎందరు?

ఇల్లు కూల్చే అధికారం విషయంలోనూ చట్టం మూగది కాదు. శిక్షగా ఇళ్లు కూల్చే పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలనీ, యజమాని వాదన వినాలనీ ఆదేశించింది. రోడ్ల వంటి బహిరంగ స్థలాలలోని అక్రమ నిర్మాణాలకు ఆ రక్షణ వర్తించదని కూడా అదే తీర్పు చెప్పింది. కాబట్టి మన ఇల్లు వీధిలోకి వచ్చినది కాదనీ, వీధే మన ఇంటి మీదికి వస్తున్నదనీ చూపవలసిన భారం మన మీదనే పడుతుంది. నోటి మాటగా చేసిన హిబా సైతం చెల్లుతుందనీ, ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం చేసిన దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనీ 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది న్యాయస్థానంలో నిలిచే మాట. పంచాయతీ గుమస్తా బల్ల ముందు నిలిచేది మాత్రం కాగితమే. హిబా చేసినా, వాటాలు పంచినా, సాక్షుల సంతకాలతో రాయించుకోవడం, వీలైతే రిజిస్టరు చేయించుకోవడం వివేకం.

మేము ఏమి చేశామో కూడా చెప్పి ముగిస్తాము. గడువు ముగియకముందే ఉర్దూ కాగితం అనువాదాన్ని, పాత రసీదులను జతపరచి జవాబు ఇచ్చాము. పక్క ఇళ్లవారు అయిదుగురు సాక్షి సంతకాలు చేశారు. మొదటి సంతకం ఆ గొల్లాయన మనుమడిది. బాకీ పన్ను కట్టాము. చిన్న ఫుప్పును, పెద్ద ఫుప్పు పిల్లలను పిలిపించి, ఎనిమిది భాగాల లెక్కను వారి ముందు పెట్టాము. చిన్న ఫుప్పు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, ఇదే మాట అక్క బతికుండగా అంటే ఏం పోయేదిరా అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను ఈ పత్రిక చదివే ప్రతి అన్నకూ, ప్రతి తమ్మునికీ మేము అందజేస్తున్నాము.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఊరిలో మీకు ఒక పాత ఇల్లు ఉండే ఉంటుంది. నిలిచి ఉండవచ్చు, కూలి ఉండవచ్చు, పునాది రాళ్లే మిగిలి ఉండవచ్చు. అందులో ఎవరు పుట్టారో, ఏ పని చేసి బతికారో, ఏ ఆడబిడ్డకు వాటా అందలేదో, కష్టకాలంలో ఎవరి దొడ్డి మిమ్మల్ని దాచిందో ఇంటి పెద్దల నోట విని రాసి పెట్టండి. ఉర్దూ కాగితాలు ఉంటే చదివించి అనువాదం చేయించండి. పన్ను రసీదు మీద చనిపోయినవారి పేరు ఉంటే వారసులందరి పేర్లు, కూతుళ్లతో సహా, మార్పించండి. మీ మంచిని మాత్రమే కాదు, మీ తప్పును కూడా రాయండి. అప్పుడే ఇతరుల తప్పును ఎత్తిచూపే హక్కు దక్కుతుంది.

మా ఇంటి గురించి నాలుగు పుటలు రాసి, ఊరి పుస్తకం కూర్చిన మిత్రులకు పంపాము. రెండవ ముద్రణలో వేయమని కోరాము. అందులో ముత్తాత జొన్నల కొలత ఉంది, దాదా ఫసలీ లెక్క ఉంది, గొల్లాయన మొలతాడు ఉంది, ఫుప్పుల రెండు భాగాలు ఉన్నాయి. వేస్తామని వారు ఇంకా చెప్పలేదు. వీధి వెడల్పు మీద పంచాయతీ తీర్మానం కూడా ఇంకా కాలేదు. ఈ లోపల వానలు వస్తాయి గనుక జారిన గూన సర్దించాము. దర్వాజ పక్కన పేర్ల పలక ఒకటి పెట్టించాము. దాని మీద దాదా సంతానం అయిదుగురి పేర్లూ, పుట్టిన వరుసలో, ఉన్నాయి. మొదటి పేరు పెద్ద ఫుప్పుది.